సారమ్మ అనని ఆమేన్

సారమ్మ కోడలితో నేరుగా మాట్లాడటం మానేసి నెలలు గడిచాయి. అలాగని ఆ ఇంట్లో మాటలే లేవనుకుంటే పొరపాటు. కోడలికి చెప్పవలసినవన్నీ ఆవిడ దేవుడికి చెప్పేది, కోడలు వినేలా.

ఆకివీడులో చర్చి వెనక ఉన్న ఆ రెండు గదుల పెంకుటింట్లో, దీపాలు పెట్టే వేళకి చాప పరిచి కుటుంబ ప్రార్థన చేసుకోవడం సారమ్మ కాపరానికి వచ్చిన నాటి నుంచీ ఉన్నదే. ఒక పాట, ఒక వాక్యం, ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు కళ్ళు మూసుకుని పైకి ప్రార్థన చేస్తారు. ఒకరు 'యేసు నామమున' అని ముగించగానే మిగతావాళ్ళు ఆమేన్ అనాలి. నీ మాటే నా మాట అని ఒప్పుకోవడం అన్నమాట.

"పరిశుద్ధుడవైన తండ్రీ," అని సారమ్మ మొదలుపెట్టేది. లోకంలోని రోగులనీ, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళనీ, గోదావరి గట్టు వెంబడి ఉన్న సంఘాలన్నిటినీ తలుచుకుని మెల్లగా సొంత ఇంట్లోకి దిగేది. "రేపు గ్యాస్ బండ తెస్తారట ప్రభువా. నేను బజారుకెళ్ళాలి, ఇంట్లో ఒక మనిషి ఉండేలా చూడు. ఇంకొకటి తండ్రీ, లోపలి గదిలో పెంకు కారుతోంది. గోడకి ఆనించిన ఆ అట్టలు ఎవరివో వాళ్ళు బీరువా మీద పెట్టుకునే బుద్ధి దయచేయి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ."

"ఆమేన్," అనేవాళ్ళు కోడలు జాయ్సీ, ఆమె కూతురు క్రిస్టినా.

ఆ అట్టలు జాయ్సీవే. తాడేపల్లిగూడెంలో బి.ఇడి. చదువుతోంది. పాఠాలు చెప్పడానికి గుండె బొమ్మా, ఆకు బొమ్మా, చేప మొప్పల బొమ్మా వేసుకుని అట్టలకి అంటించుకుంది. కడుపులో రెండో బిడ్డ. ఒళ్ళో పుస్తకం పెట్టుకుందామంటే ఒడే మిగల్లేదు.

జాయ్సీ వంతు వచ్చినప్పుడు ఆమె కూడా ప్రార్థన చేసేది. యేసు నామమున అని ముగించేది. "ఆమేన్!" అని ఇల్లెగిరిపోయేలా అరిచేది ఒకటో తరగతి క్రిస్టినా ఒక్కతే. సారమ్మ నోరు విప్పేది కాదు. పెదవులు కూడా కదిలేవి కావు. కళ్ళు మూసుకున్నా జాయ్సీకి అది తెలిసిపోయేది.

ఇదంతా మైకు చేసిన పని. మైకుని అని ఏం లాభం, మనుషులు చేసిన పనే.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడు జాయ్సీ భర్త నెల్సన్ పని పోయింది. ఒక పెద్ద చెరువు మీద కాపలాకీ, మేతలకీ, చేపల పట్టుబడులకీ తనే పెద్ద దిక్కుగా ఉండేవాడు. గట్టు పోయాక ఆ చెరువెక్కడో, సరస్సెక్కడో తెలియకుండా అంతా ఒకే నీళ్ళయిపోయింది. నెల్సన్ నెల్లూరు వైపు రొయ్యల చెరువుల మీదికి వెళ్ళిపోయాడు. అప్పుడే సారమ్మ కోడల్ని కూర్చోబెట్టి, "డిగ్రీ పెట్టెలో పెట్టుకుని ఏం చేస్తావే? టీచరు ట్రయినింగు చెయ్యి. పిల్లని నేను చూస్తాను," అంది. ఆవిడ చాలాకాలం మిషన్ హాస్టల్లో వంట చేసింది. ఆవిడ చేతి అన్నం తిన్న ఆడపిల్లలు టీచర్లయి, చేతిగడియారాలు పెట్టుకుని వచ్చి పలకరిస్తే పొంగిపోయేది. అలాంటి ఒకతె తన ఇంట్లోంచే రావాలని ఆవిడకి ఉండేది.

సీటొచ్చింది. క్లాసులు మొదలైన కొద్దిరోజులకే జాయ్సీకి నెల తప్పింది. నెల్సన్ క్రిస్మస్‌కి వచ్చి వెళ్ళిన గుర్తు అది. ఆమె హడలిపోయింది. బిడ్డ వద్దని కాదు. ఈ సంగతి చెబితే అత్తగారు ఇక చదువు చాలు, ఇంట్లో కూర్చో అంటుందేమోనని. అలా అనే మనిషి కాదని ఇన్నేళ్ళ కాపరంలో తెలియాలి కదా! భయానికి లోకజ్ఞానం ఉండదు. నెల్సన్‌కి ఫోన్‌లో చెప్పి, అత్తయ్యకి ఇప్పుడే చెప్పకండి అంది. తర్వాత నేరుగా పాస్టరమ్మ పుష్పలత గారి దగ్గరికి వెళ్ళి, చెవిలో చెప్పినట్టు చెప్పి, "నా చదువు ఆగిపోకుండా ప్రార్థన చేయండమ్మా," అని వేడుకుంది.

పుష్పలత గారు మంచి మనిషి. చెడ్డవాళ్ళు చేసిన హాని సరిపెట్టుకోవచ్చు, మంచివాళ్ళు చేసినదాన్ని ఏం చేస్తాం? ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవుల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మైకు అందుకుంది. "మా సహోదరి జాయ్సీ గర్భఫలము కొరకు నీకు స్తోత్రం తండ్రీ. ఆమె చదువుకు ఇంటిలో ఏ ఆటంకమూ రాకుండునట్లు ఆ ఇంటివారి కఠిన హృదయమును మెత్తబరచుము!" గుడి మీద రెండు లౌడ్‌స్పీకర్లు. చేపల లారీలు ఆగే రోడ్డు దాకా వినబడతాయి.

ఆ ఇంట్లో ఉన్న పెద్ద మనిషి ఒక్క సారమ్మే. ముందు వరసలో, హార్మోనియం పక్కన కూర్చుని ఉంది. కోడలు నెల తప్పిన సంగతీ, తన గుండె రాయి అన్న సంగతీ ఊరితోపాటే, ఒక్కసారే విన్నది.

ఆవిడ కేకలెయ్యలేదు. ఇంటికొచ్చి అన్నం వడ్డించింది. తిను అన్న మాట మాత్రం అనలేదు. మర్నాడు జాయ్సీ, "అత్తయ్యా, నేనలా చెప్పలేదండీ," అనబోతే బిందె తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది. జాయ్సీ మళ్ళీ ప్రయత్నించలేదు. భయం కొంత, పౌరుషం కొంత. 'నా వల్ల నొచ్చుకున్నవారిని ఓదార్చు ప్రభువా' అని సాయంత్రం ప్రార్థనలో అనేది. చాపకి ఆ చివర ఉన్న మనిషికి చెప్పవలసింది పైకి పంపితే ఆమేన్ ఎక్కణ్ణించి వస్తుంది?

పనులన్నీ జరిగిపోయేవి. తెల్లారేసరికి స్టవ్వు మీద ఇడ్లీ ఉండేది, క్యారేజీ కట్టి ఉండేది, క్రిస్టినా జడలు అల్లి ఉండేవి. మాట మాత్రం ఉండేది కాదు. తిట్టినా బాగుండును అని జాయ్సీ బస్సులో అనుకునేది. గణపవరం మీదుగా గూడెం వెళ్ళే ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పాఠం నెమరువేస్తూ కడుపు మీద చెయ్యి వేసుకునేది. లోపల బిడ్డ కదిలితే, వింటున్నవాళ్ళు ఒకరైనా ఉన్నారనుకునేది. రోజంతా ఆమె మనసు విప్పి మాట్లాడింది ఆ బిడ్డతోనే.

కాలేజీలో అందరూ ఆమెకంటే చిన్నవాళ్ళు. దయగా ఉండేవారు. తలుపు దగ్గర కుర్చీ ఆమెకే వదిలేవారు, మెట్లెక్కుతుంటే చేతిలో అట్టలు అందుకునేవారు. సినిమాకి మాత్రం పిలిచేవారు కాదు. గూడెంలో బట్టల కొట్టువాళ్ళ అమ్మాయి భార్గవి పక్కనే కూర్చునేది. "అక్కా, ఏమైనా తినాలనిపిస్తోందా?" అని అడిగేది. ఇంట్లో ఎవరూ అడగని మాట. జాయ్సీ లేదని నవ్వి, తల వంచుకుని రాసుకునేది.

మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఎంత హడావుడి! పెదవేగి నుంచి అమ్మ వచ్చి తీసుకెళ్ళింది. ఎవరో ఒకరు చేతికి గాజులు తొడిగేవారు, ఎవరో ఒకరు పులుసు పంపేవారు. ఇప్పుడు ఊరందరికీ తెలుసు, కానీ ఎవరికీ కొత్త కాదు. రెండో బిడ్డ అంటే ఇంటికి రెండో కుర్చీ వచ్చినట్టే.

వానలు పడ్డాక కాలేజీలో ఫైనల్ లెసన్ల తేదీలు ప్రకటించారు. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు, నిజమైన తరగతి గదిలో పాఠం చెప్పాలి. అది తప్పితే ఏడాది చదువూ నీళ్ళపాలు. జాయ్సీ తేదీ తొమ్మిదో నెలలో పడింది. ఆకివీడు డాక్టరమ్మ పరీక్ష చేసి కళ్ళద్దాలు తీసింది.

"వెళ్ళొద్దు అననమ్మా. ఒక్కదానివీ మాత్రం బస్సెక్కకు. బిడ్డ బాగా కిందికి దిగింది. పక్కన పెద్దవాళ్ళెవరైనా ఉండాలి."

జాయ్సీ నెల్సన్‌కి ఫోన్ చేసింది.

"ఈ వారం పట్టుబడి జాయ్సీ. వదిలి వస్తే ఉన్న పని కూడా ఊడుతుంది. అమ్మని తీసుకెళ్ళు."

"మీరు చెప్పండి అత్తయ్యకి."

"మీ ఇద్దరి మధ్యా నేను దూరితే బాగుండదు. నువ్వే అడుగు," అన్నాడు. అవతల చెరువు నీళ్ళు చిలికే ఏరేటర్లు హోరుమంటున్నాయి. అతను ఇంకేదో అన్నాడు కానీ ఆ హోరులో కొట్టుకుపోయింది.

పుట్టింటికి చేసింది. అమ్మ అంతా విని నిట్టూర్చింది. "మొదటి కాన్పు మేం చేశాం కదమ్మా. రెండోది అత్తారిది. ఇప్పుడు నేనొచ్చి నీ పక్కన నిలబడితే మీ అత్తగారికి తల కొట్టేసినట్టుండదూ? ఆవిడుండగా నేనెందుకు?"

ఆవిడుండగా! అందరిదీ అదే మాట. భార్గవికి కూడా అదే రోజు వేరే స్కూల్లో లెసను. ఫోన్ పెట్టేసి జాయ్సీ బీరువాకి ఆనుకుని ఏడ్చింది. ఇంటినిండా మనుషులున్న ఆడదాని ఒంటరితనం ఎవరికి చెప్పినా నవ్వుతారు, అందుకే చప్పుడు కాకుండా ఏడ్చింది.

లెసను మంగళవారం. ముందు వచ్చిన ఆదివారం గుడిలో కూర్చోలేక, నడుం లాగుతుంటే వాక్యం మధ్యలో లేచి బయటికి వచ్చింది. చెప్పులు విడిచే మెట్ల దగ్గర ఎవరో కూర్చుని ఉన్నారు. సారమ్మ! ఇన్నాళ్ళూ ఆవిడ ముందు వరసలోనే ఉందనుకుంది. కోడలు తన బాధలో పడి అటు చూస్తే కదా. హార్మోనియం పక్క చోటు ఆ మైకు ప్రార్థన జరిగిన ఆదివారం నుంచే ఖాళీ అయిందన్నమాట.

ఆలస్యంగా వచ్చిన ఒకావిడ చెప్పులు విడుస్తూ సారమ్మని చూసి నవ్వింది. "ఏం సారమ్మా, ఇంకా మెత్తబడలేదా?"

సరదాకి అన్న మాటే. అందరూ అనే మాటేనని ఆ అనడంలోనే తెలుస్తోంది. సారమ్మ కూడా నవ్వింది. ఆవిడ లోపలికి వెళ్ళాక పైట చెంగుతో ముక్కు తుడుచుకుని, చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయింది.

జాయ్సీ స్తంభం పక్కనే నిలబడి అంతా విన్నది. ఇన్ని నెలలూ తనతో ఎవరూ మాట్లాడటం లేదని కుమిలింది. ఈవిడతో ఊరంతా ఈ ఒక్కమాటే మాట్లాడుతోంది. పక్కకి వెళ్ళి కూర్చోవాలనిపించింది. కానీ వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం చాప పరిచారు. పాట అయింది, వాక్యం అయింది. సారమ్మ లోకాన్నంతా చుట్టి వచ్చి, "బస్సుల్లో తిరిగే తల్లులని కాపాడు తండ్రీ," అని ముగించింది. ఆమేన్ అన్నారు.

జాయ్సీ వంతు వచ్చింది. "పరిశుద్ధుడవైన తండ్రీ," అంది. ఏమని అడగాలి? తోడు పంపమనా? తోడు మూరెడు దూరంలో కూర్చుని ఉంది. ఆమె కళ్ళు తెరిచింది. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరవడం ఆ ఇంట్లో తప్పు. అత్తగారి ముఖం కనిపించింది, మూసిన కళ్ళ కింద నల్లని వలయాలతో.

"అత్తయ్యా," అంది.

సారమ్మ కనురెప్పలు అదిరాయి, తెరుచుకోలేదు.

"మీకు చెప్పకుండా బయట చెప్పాను. చదువు మాన్పిస్తారేమోనని భయపడ్డానండీ. చదవమన్నదే మీరు. అయినా భయపడ్డాను. మిమ్మల్ని ఊళ్ళో ఏమంటున్నారో పొద్దున విన్నాను. తప్పు నాదండీ." చాప మీద కాస్త ముందుకి జరిగింది. "మంగళవారం గూడెంలో నా లెసను. ఒక్కదాన్నీ వెళ్ళలేను. నాకు భయంగా ఉందత్తయ్యా. పిల్లని కూడా తీసుకెళ్దాం. నాతో రండి."

పెంకుల మీద వాన సన్నగా పడుతోంది. సారమ్మ అలాగే కూర్చుంది, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని. ఇక మాట్లాడదనే అనుకుంది జాయ్సీ.

"ఆమేన్," అంది సారమ్మ.

క్రిస్టినా చటుక్కున ఒక కన్ను తెరిచింది. "మామ్మా! అమ్మ ఇంకా యేసు నామమున అనలేదుగా! అప్పుడే ఆమేన్ అనేశావేంటి?"

"దేవుణ్ణి అడిగితే కదే అలా అనాలి. అది నన్నడిగింది," అంది సారమ్మ. తర్వాత కళ్ళు తుడుచుకుని కోడలి వైపు తిరిగింది. "బీరువా మీద అట్టలు నువ్వు అందుకోకు. నేను దించుతాను."