నిప్పు తెలియని కాలు

ఇస్తరవ్‌షాన్ పట్నం బజారులో కత్తులు చేసే బుర్హాన్ మంచి మాటకారి. చలికాలం ఆదివారాల్లో మా వీధి మగవాళ్ళు వంతులవారీగా ఒక్కో ఇంట్లో చేరి పులావు తింటారు. బుర్హాన్ లేకపోతే ఆ విందుకి రుచే ఉండేది కాదు. అతని కథల్లో ఎప్పుడూ ఎవడో ఒకడు వెధవ అయ్యేవాడు. ఎక్కువసార్లు ఆ వెధవ అతని బావమరిది దవ్రాన్.

ఆ ఆదివారం వంతు దవ్రాన్‌ది. గుమ్మం దగ్గర బూట్లు విప్పుతుంటే బుర్హాన్ మేజోడు నిండా రక్తం కనిపించింది. దవ్రాన్ వంగి బూటులో చెయ్యి పెట్టి మేకు ఒకటి పీకాడు.

"ఇదేంటి బావా? మేకు మీదే నడిచొచ్చావా?"

బుర్హాన్ మేకు చూసి తనే ఆశ్చర్యపోయాడు. కానీ తడుముకోలేదు. "కొలిమి దగ్గర నిలబడి నిలబడి కాయలు కాసిన కాళ్ళురా ఇవి. మగాడి కాళ్ళు. నీవి చూసుకో, కొత్త పెళ్ళికూతురి పాదాల్లా ఎలా ఉన్నాయో!"

అందరూ నవ్వారు. దవ్రాన్ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

లోపల సందలీ చుట్టూ కూర్చున్నారు. నేలలో తవ్విన గుంట నిండా నిప్పులు, పైన పొట్టి బల్ల, బల్ల మీంచి నాలుగు వైపులా పరిచిన బొంత. కాళ్ళు బొంత కింద పెట్టుకుంటే బయట ఎంత మంచు పడినా తెలియదు. బుర్హాన్ టీలో ఇంత పటికబెల్లం ముక్క వేసుకుని, సిగరెట్ వెలిగించి, దవ్రాన్ పెళ్ళినాటి కథ మొదలుపెట్టాడు. ఊరేగింపులో గుర్రం మీంచి పడి, పెళ్ళికూతురి అన్నలు వచ్చి లేపేదాకా అమ్మా అమ్మా అని ఏడ్చిన కథ. ఆ గదిలో అందరూ దాన్ని చాలాసార్లు విన్నవాళ్ళే.

దవ్రాన్ పట్టకారు తీసుకుని, నిప్పులు ఎగదోస్తున్నట్టు బొంత ఎత్తాడు. ఎర్రటి నిప్పు కణిక ఒకటి పట్టుకుని బావ అరికాలికి ఆనించాడు. పక్కవాళ్ళకి కన్ను కొట్టాడు.

బుర్హాన్ కథ ఆపలేదు.

ఒకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకొకడి కళ్ళలో నవ్వాపుకోలేక నీళ్ళు తిరిగాయి. తన కథ అంత బాగా పండుతోందని బుర్హాన్‌కి హుషారు వచ్చింది. దవ్రాన్ ఏడుపుని గొంతు మార్చి మరీ వినిపించాడు. గది గొల్లుమంది. దవ్రాన్ కణికని ఇంకొంచెం నొక్కాడు.

చివరికి బుర్హానే ముక్కు ఎగబీల్చాడు. "ఒరేయ్ దవ్రాన్, మీ ఆవిడ పులావులో మాంసం మాడ్చేసినట్టుంది. వెళ్ళి చూడరా!"

జాకిర్ అనేవాడు పొట్ట పట్టుకుని నేల మీద దొర్లాడు. అప్పుడు బొంత కింద నుంచి పొగ వచ్చింది. బుర్హాన్ కాలు బయటికి లాక్కున్నాడు. మేజోడు అరికాలికి అతుక్కుపోయి ఉంది. ఎవరూ నవ్వలేదు.

"కాలు నిప్పుల్లోకి జారినట్టుంది బావా," అన్నాడు దవ్రాన్. "చూసుకోవద్దూ?"

బుర్హాన్ కాలికి తుండుగుడ్డ చుట్టుకుని పులావు తిన్నాడు. కథ కూడా పూర్తి చేశాడు.

ఇంటి దగ్గర భార్య సనోబర్ గొర్రె కొవ్వు రాసింది. ఆసుపత్రికి పోదామంటే "నొప్పి లేనిదానికి డాక్టరెందుకే?" అని కసిరాడు. వేళ్ళు నల్లబడి వాసన మొదలయ్యాక గాని కదల్లేదు.

డాక్టర్ గుల్చెహ్రా నల్లబడ్డ కాలిని కాసేపు చూసి, రెండో కాలి పిక్క తడిమింది. "షుగర్ ఎన్నాళ్ళుగా?"

"పదేళ్ళు ఉంటుందేమో."

"మాత్రలు?"

"కళ్ళు తిరిగినప్పుడు వేసుకుంటా."

"బీపీ ఎలాగూ ఉంది. సిగరెట్ల సంగతి మీ చొక్కా వాసనే చెబుతోంది. మీ నాన్నగారు ఎలా పోయారు?"

"గుండె ఆగి. యాభై నిండలేదు." గొప్పగానే చెప్పాడు. "మా మగాళ్ళంతా అంతే. మంచాన పడరు."

"నడుస్తుంటే పిక్క పట్టేసి, ఆగితే తగ్గేదా?"

"రెండేళ్ళుగా. వయసు అనుకున్నా."

"వయసు కాదు. కాలికి రక్తం తెచ్చే నాళాలు మూసుకుపోతుంటే అలా అవుతుంది. కాలిలో మూసుకుపోతున్నాయంటే గుండెలో కూడా అదే జరుగుతూ ఉండొచ్చు. షుగరు, పొగ, బీపీ, తండ్రి దగ్గర్నుంచి వచ్చింది, అన్నీ కలిసి మిమ్మల్ని తినేశాయి. అప్పుడే వచ్చుంటే మందులిచ్చేదాన్ని. ఇప్పుడు రక్తం అందని చోట పుండు మానదు. మోకాలి కింద నుంచి తీసెయ్యాలి."

కాలు తీసేశాక జాకిర్ చూడటానికి వచ్చాడు. నవ్వించడానికే అన్నాడు పాపం. "అన్నా, నువ్వు ఆ గుర్రం కథ చెబుతుంటే, కింద దవ్రాన్ నిప్పు పెడుతుంటే, నవ్వలేక చచ్చామనుకో!" అంతలో బుర్హాన్ మొహం, సనోబర్ మొహం చూశాడు. "అదేంటి? నీకు తెలీదా?"

"ఎందుకు తెలీదు," అన్నాడు బుర్హాన్.

పక్కన ఆపిల్ కోస్తున్న సనోబర్ చేతిలో కత్తి ఆగింది.

దవ్రాన్ ఆ సంగతి తనంతట తను చెప్పలేదు. కానీ రోజూ వచ్చేవాడు. బావని వీపు మీద ఎక్కించుకుని ఇంట్లో దింపాడు, కొలిమి ముందు కుర్చీ వేయించాడు. బుర్హాన్ అతని మీద కథలు చెప్పడం మానేశాడు. చాలా ప్రేమగా మాట్లాడేవాడు. వాళ్ళని చూసి బజారంతా మెచ్చుకుంది.

వసంతంలో ఒకరోజు దవ్రాన్ ఎత్తు ఎక్కి కొలిమికి వస్తూ సగంలో ఆగాడు. ఫోన్ చూసుకుంటున్నట్టు గోడకి ఆనుకుని, వంగి పిక్క నొక్కుకున్నాడు. కాసేపాగి నడిచాడు. మళ్ళీ ఆగాడు. అతనికి ఇంకా నలభై రాలేదు.

"ఏమైందిరా?" బుర్హాన్ మెత్తగా అడిగాడు.

"ఏం లేదు బావా. ఎత్తు ఎక్కితే పిక్క పట్టేస్తోంది. నిలబడితే పోతుంది. దాహం కూడా ఒకటే. బిందెడు నీళ్ళు తాగుతున్నా. డాక్టర్‌కి చూపించుకోనా?"

లోపల టీ పోస్తున్న సనోబర్ తల ఎత్తింది. ఆ రోజు ఆసుపత్రిలో డాక్టర్ మాటలు ఆమె కూడా విన్నది. భర్త మొహంలోకి చూసింది.

"పొట్ట పెరిగిందిరా, అంతే," అన్నాడు బుర్హాన్. "నడు, అదే సర్దుకుంటుంది. నాలా డాక్టర్ల చేతిలో పడ్డావో, కాలు కోసి పంపిస్తారు." తన ప్యాకెట్టులోంచి సిగరెట్ తీసి ఇచ్చి తనే వెలిగించాడు. సనోబర్ పోసిన టీ గిన్నెలో పటికబెల్లం ముక్క వేశాడు. ఒకటి చాలదని ఇంకొకటి వేశాడు.

సనోబర్ ఆ గిన్నె తీసుకెళ్ళి తమ్ముడి చేతికి ఇచ్చింది. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

శరదృతువులో ఇంకో అక్క కూతురి పెళ్ళిలో చిందేస్తూ దవ్రాన్ గుండె పట్టుకుని కూలిపోయాడు. డప్పులవాళ్ళు అది ఆటలో భాగమనుకుని ఇంకొంచెం సేపు వాయించారు.

బుర్హాన్ కర్రల మీద శ్మశానం దాకా నడిచాడు. "ఒంటికాలి మీద ఇంత దూరం వచ్చాడు, బావమరిది అంటే ఎంత ప్రాణమో!" అనుకున్నారు జనం. అతను కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే అని మాత్రం చెప్పగలను.

షుగరుకి మిగిలిన పాదం స్పర్శ పోయింది, కళ్ళూ మసకేశాయి, దెబ్బ తగిలినా తెలియదు కాబట్టి రోజూ ఎవరైనా చూసి చెప్పాలని డాక్టర్ అప్పట్లోనే చెప్పింది. అన్నాళ్ళూ సనోబర్ ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని వేలు వేలూ విడదీసి చూసేది. శ్మశానం నుంచి వచ్చిన సాయంత్రం అతను అలవాటుగా కాలు చాపాడు. ఆమె చేతి అద్దం తెచ్చి అతని పక్కన పెట్టింది.

"నీ కాలు నువ్వే చూసుకో."

"చూపు మసకేసిందని తెలుసు కదే. అద్దంలో నాకేం కనబడుతుంది?"

"ఏం కాదులే," అంది సనోబర్. "నడు, అదే సర్దుకుంటుంది."