పాలియేటివ్ వార్డు బోర్డు

నేను ఒక నీలిరంగు రేకు బోర్డును. విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రి మూడో అంతస్తులో, వరండా చివరి వార్డు తలుపు మీద ఉంటాను. నా ఒంటి మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే మాట: పాలియేటివ్. రాసిన పెయింటరుకు దాని అర్థం తెలియదు, నాకూ తెలియదు. ఒకనాడు ఒక ప్రొఫెసరుగారు నా కిందే నిలబడి విద్యార్థులకు పాఠం చెబితే తెలిసింది. లాటిన్‌లో పైన కప్పుకునే వస్త్రం పేరు నుంచి పుట్టిందట. రోగం పోదు, బాధ మీద ముసుగు కప్పుతారు, అంతే. "రోగి తాలూకు వాళ్ల దగ్గర ఈ మాటే వాడండి, తెలుగులో చెబితే హడలిపోతారు" అని కూడా సెలవిచ్చారు. పెద్ద చదువుల దయ అలా ఉంటుంది.

భీమిలి వైపు నుంచి పోలయ్యను తెచ్చారు. పడవలు కట్టే మనిషి, కాలేయంలో క్యాన్సర్. "పాలియేటివ్‌కు మారుస్తున్నాం, ఇక నొప్పి లేకుండా చూసుకుంటాం" అని డాక్టరు అంటే భార్య నూకరత్నం చేతులు జోడించింది. ఈ వార్డులో మంచాలు శుభ్రంగా ఉంటాయి, నర్సులు కసురుకోరు. మందు పడగానే పోలయ్య మూలుగు ఆగింది, కాస్త గంజి కూడా తాగాడు. ఇక ఆమెను పట్టేదెవరు? "పాలియేటివ్ వార్డిచ్చారు, గండం గడిచినట్టే" అని ఫోనులో ఊరంతటికీ చెప్పుకుంది. నాకు నోరుంటే ఎంత బాగుండునో అనిపించింది.

పోలయ్యకు ఒకటే కోరిక. అతను సగంలో వదిలిన పడవను తమ్ముడు పూర్తిచేశాడు. ఆదివారం సముద్రంలోకి దింపుతున్నారు.

"ఇంటికెల్లిపోదామే. పడవ దిగడం సూడాలి."

"నొప్పి తగ్గతన్నాది కదా. ఇంత మంచి వార్డొదిలేసి ఎల్తే మల్లీ ఇత్తారేటి? బాగయ్యాక ఇంకోటి కడుదువు గాని."

పోలయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆదివారం పడవ దిగింది. సోమవారం మధ్యాహ్నం అతను పోయాడు.

నూకరత్నం అప్పుడు నన్ను చూపించి, ఆ మాటకు అర్థమేమిటని నర్సును అడిగింది. నర్సు తల వంచుకుని చెప్పింది.

"ముందే సెప్పుంటే బుజాన మోసుకుపోయేదాన్ని కదమ్మా."

అంతలో ఇంకో స్ట్రెచరు వచ్చింది. వెంట వచ్చిన ఇల్లాలు నన్ను చూస్తూ, నా మీది మాటను ఫోనులో ఎవరికో సంబరంగా కూడబలుక్కుని చదివి వినిపిస్తోంది. నూకరత్నం వెళ్లి ఆమె చేయి పట్టుకుంది.

"ఆయన బతకడమ్మా. నొప్పికి మందులడిగి ఇంటికి తీసుకుపో. ఏటి కావాలో ఆయన్నడుగు."

ఆ ఇల్లాలు గొల్లుమంది. నర్సు నూకరత్నాన్ని కసిరింది. ఈ వార్డులో కసురు వినడం నాకు అదే మొదలు.

సాయంత్రానికి కొత్తగా వచ్చినాయన మంచం ఖాళీ అయింది. మందుల సంచీతో వాళ్లు ఇంటికి వెళ్లిపోయారు.

ఇప్పుడు నా రంగు పెచ్చులూడుతోంది. త్వరలో నన్ను తుక్కులో వేసి కొత్త బోర్డు పెడతారట. అక్షరాలు ఇంకా పెద్దవిగా, ఇంగ్లీషులోనే.