తెల్లారని శుక్రవారం

నేను ఒక హెడ్‌సెట్‌ని. చెవులకు రెండు డొప్పలు, మూతి ముందు ఒక మైకు, తోకలాగా ఒక వైరు. అంతే నా ఒళ్లు. అందం అడక్కండి.

ఏదో ఊరి ఫ్యాక్టరీలో, ఒకే రోజు, నాలాంటివి కొన్ని వేలు పుట్టాయి. మమ్మల్ని అతికించిన ఆడపిల్లల వేళ్లకు పొద్దుగూకేదాకా జిగురు వదిలేది కాదు. డబ్బా మీద వాళ్లలో ఒక్కరి పేరైనా వేశారా? లేదు. కంపెనీ పేరు మాత్రం రెండు చోట్ల అచ్చు గుద్దారు. లోకం ఎలా నడుస్తుందో పుట్టిన రోజే అర్థమైపోయింది నాకు.

అక్కణ్నుంచి హైదరాబాదులో ఒక కాల్ సెంటరు. మూడు షిఫ్టులు, మూడు జతల చెవులు. ఒకరి చెమట ఆరకముందే ఇంకొకరు తగిలించుకునేవారు. అవతలివాళ్లు బూతులు తిడుతుంటే ఇవతలివాళ్లు "మీ ఓపికకు ధన్యవాదాలు" అనేవారు. ఓపిక ఎవరిదో, ధన్యవాదాలు ఎవరికి చెప్పాలో నాలుగేళ్లు విన్నా నాకు బోధపడలేదు. స్పాంజి ఊడాక నన్ను తీసి అవతల పారేశారు. కోఠి ఫుట్‌పాత్ మీద గోనెసంచిలో తేలాను. అక్కడ నన్ను ఏరుకున్నది గౌరీశ్వరి.

ఆమెది బొబ్బిలి. ముప్పై ఏళ్ల మనిషి. ఇంకో కాల్ సెంటర్లో పనిచేసి, విసుగెత్తి, ఇంటికి వెళ్లిపోతూ నన్ను కొన్నది. ఊడిన స్పాంజికి బదులు పాత లంగా గుడ్డ కుట్టింది. వంటగదికీ వరండాకీ మధ్య ఒక బల్ల వేసుకుని, చిన్న చిన్న వ్యాపారాలవాళ్ల ఫోన్లు ఎత్తడం, ఆర్డర్లు రాయడం, ఏ రోజు ఏ పనో గుర్తుచెయ్యడం మొదలుపెట్టింది. దీన్ని వర్చువల్ అసిస్టెంట్ ఉద్యోగం అంటారట. మనిషి ఉన్నట్టే ఉంటుంది గానీ ఎదురుగా ఉండదట! ఇదేం మాటండీ? ఆకలేస్తుంది, నడుం లాగుతుంది, జలుబు చేస్తే తుమ్ముతుంది. తుమ్మినప్పుడల్లా తడిసింది నేను. ఆమె ఉందో లేదో నన్నడగండి, చెబుతాను.

ఆమెకు మొదట పని ఇచ్చింది సాలూరు తవిటయ్య మాస్టారు. బ్యాండు మేళం ఆయనది. డెబ్బై ఏళ్లవాడు, కింద పద్నాలుగు మంది వాయించేవాళ్లు. ట్రంపెట్టూ ఫోనూ ఒకే నోటితో కుదరవని, వచ్చే ఫోన్లన్నీ గౌరీశ్వరికి మళ్లించాడు. ఆయన మాట మీదే పార్వతీపురంలో గోలీసోడా కంపెనీ నడిపే జోగినాయుడు వచ్చాడు, ఇంకో నలుగురు వచ్చారు. వీళ్లలో ఒక్కరూ ఆమె ముఖం చూడలేదు. చూడాలని తోచనూ లేదు. తవిటయ్య రోజుకు ఇరవైసార్లు ఫోన్ చేసేవాడు. "అమ్మీ, రేపు వానొస్తాదేటి, నీ కంప్యూటర్నడిగి సెప్పు" అనేవాడు. ఆమె కిటికీలోంచి మబ్బు చూసి చెప్పేది.

పెళ్లి బుక్కయితే ఆమె తన కంప్యూటర్‌లో తేదీ పెట్టేది, అది తవిటయ్య ఫోన్‌లో కనిపించేది. ఆర్నెల్లు బాగానే నడిచింది. ఆ తరువాత ఒక శుభలేఖ వచ్చింది. గురువారం రాత్రి రెండు గంటల నలభైమూడు నిమిషాలకు ముహూర్తం. పన్నెండు దాటితే కంప్యూటర్‌కు శుక్రవారం. గౌరీశ్వరి శుక్రవారం కిందే పెట్టింది.

గురువారం పొద్దున పదకొండింటికి మాస్టారు ఫోన్ చేశాడు.

"అమ్మీ, రేపటి పెళ్లి ఏ వీధిలోనే?"

ఆమె శుభలేఖ ఫోటో తెరిచింది. నా డొప్ప కింద ఆమె చెవి పెనంలా వేడెక్కింది.

"మాస్టారూ, రేపు కాదండీ. ఇవాళే. ఊరేగింపు సాయంత్రం ఆరింటికి."

"ఏటీ? మరి ఫోన్లో సుక్రారం అనుంది?"

"పన్నెండు దాటితే శుక్రవారమే కదండీ."

"ఎవలికమ్మా? సూరీడు రాకుండా రోజెలాగ మారిపోద్ది? మా తాతల కాడ్నించీ తెల్లారితేనే ఇంకో రోజు!"

"పక్కనే రెండు నలభైమూడు అని రాశాను. అది చూడలేదా?"

"సూసినాను. మజ్జానం అనుకున్నాను!"

ఇద్దరిదీ న్యాయమే. అందుకే ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు.

"ఇవాళ ఖాళీ అని మావోళ్లనందర్నీ ఒగ్గీసినాను. క్లారినెట్టు గురువులుగాడు మక్కువలో మావగారింటికెళ్లినాడు. డ్రమ్ములోళ్లిద్దరూ పార్వతీపురం మార్కెట్లో మూటలు దించుతున్నారు. నలబయ్యేళ్లలో ఒక్క పెళ్లికీ నా బ్యాండు తప్పలేదు. ఆరింటికి మావోళ్లు అక్కడ నిలబడకపోతే, రేపట్నించి నా ఫోను నానే ఎత్తుకుంతాను. నీ పని సాలు."

ఠక్కున పెట్టేశాడు.

ఆయన వదిలేస్తే ఆయన మాట మీద వచ్చినవాళ్లూ వదిలేస్తారు. అంటే మళ్లీ హైదరాబాదు, మళ్లీ మూడు షిఫ్టులు. గౌరీశ్వరి ఏడవలేదు. చున్నీ నడుముకు బిగించింది. సోడా వ్యాను ఏ రోజు ఏ ఊరు తిరగాలో రాసేది ఆమే. గురువారం మక్కువ. వెంటనే జోగినాయుడికి కలిపింది.

"నాయుడుగారూ, మీ వ్యాను సాలూరు మీదుగా తిరిగొస్తుంది కదా. మక్కువలో ఒక క్లారినెట్‌ని ఎక్కించుకోవాలండీ."

"క్లారినెట్టేటమ్మా? కొత్త సోడాయా?"

"మనిషండీ. మామగారింట్లో ఉన్నాడు."

"అల్లుడా! అయితే మూడింటిదాకా పీట మీంచి లెగనివ్వరే!"

నిజంగానే లేవనివ్వలేదు. ఫోను గురువులు అత్తగారి చేతిలో ఉంది. "చేపల పులుసు ఇంకా ఉడకలేదు, ఎలాగొస్తాడు?" అని ఆవిడ నిలదీసింది.

"అత్తగారూ, ఉడికినంతవరకు క్యారేజీలో పెట్టి పంపండి. మిగతాది వ్యాను కుదుపులకు ఉడుకుతుంది" అంది గౌరీశ్వరి. ఆవిడ పగలబడి నవ్వింది. అల్లుడు బయటపడ్డాడు.

మార్కెట్ మేస్త్రీని ఫోన్లో పట్టుకుంది, ఒక డ్రమ్మువాడు దొరికాడు. రెండోవాడు దొరకలేదు. బ్యాండువాళ్ల ఎర్ర కోట్లు చాకలి దగ్గర తడిగా ఉన్నాయన్నారు. తడిగానే ఇమ్మంది. మిగిలిన పదకొండు మందినీ పేరుపేరునా పిలిచి, ఎవరు ఏ మలుపులో నిలబడాలో చెప్పింది. అయిదున్నరకు వ్యాను డ్రైవరుతో మాట్లాడుతుండగా నా వైరు లోపల ఏదో పుటుక్కుమంది. వినబడుతోంది గానీ ఆమె మాట అవతలికి పోవడం లేదు. చెప్పాల్సినదంతా అప్పటికే చెప్పేసింది.

ఆరైంది. ఆరూ అయిదైంది. ఫోను మోగలేదు. ఆమె నన్ను తియ్యకుండా గోడకేసి చూస్తూ కూర్చుంది.

ఆరూ పదికి మోగింది. తవిటయ్యే. మాట లేదు. క్లారినెట్టు ఒక్కసారి గొంతెత్తింది. వెనక ట్రంపెట్లు, ఎక్కడో సోడా సీసాల గలగల, ఆ పైన పెద్ద డ్రమ్ము. కొడుతున్నవాడు కొత్తవాడిలా ఉన్నాడు, తాళం అటూఇటూ పోతోంది. పాట అయ్యాక రొప్పుతూ గొంతు వినిపించింది.

"అమ్మీ, ఇనబడ్డాదేటి? పెద్ద డ్రమ్ము నానే కొట్టినాను!"

"వినబడిందండీ!" అని ఆమె అరిచింది. నా మైకు చచ్చింది కదా, అవతలికి ఏం పోతుంది? ఆయన నాలుగుసార్లు "అలో, అలో" అని, "కంప్యూటరు పాడైనట్టుంది" అని ఎవరితోనో చెప్పి పెట్టేశాడు.

శనివారం ఆయనే బస్సెక్కి బొబ్బిలి వచ్చాడు. చంకలో చుట్టిన గోడ క్యాలెండరు. గౌరీశ్వరి పిండి చేతులతో తలుపు తీసింది.

"ఆపీసెక్కడమ్మా?"

"ఇదేనండీ."

"మిగిలినోళ్లేరీ?"

"నేనేనండీ అందరూ."

ముసలాయన బల్లనీ, కుర్చీ మీది చిరిగిన దిండునీ, పొయ్యి మీది పాలనీ చూశాడు. చంకలోని క్యాలెండరు తీసి గోడ మేకుకు తగిలించాడు.

"ఇందులో సూసి దాంట్లో రాయమ్మా. తెల్లారేదాకా ముందు రోజే."

"రాస్తాను. బ్యాండు కదలాల్సిన గంట కూడా రాస్తాను. మీరు మొత్తం చదవాలి."

"సదువుతాను."

"ఇంకోటి. మంగళవారం నేను ఫోను ఎత్తను."

"ఎవలైనా పెళ్లికి పిలిస్తేనో?"

"మంగళవారం ఎవరు చేసుకుంటారండీ?"

ఆయన ఆలోచించి, నోరారా నవ్వాడు. తన ఫోను ఆమె చేతికిచ్చి, అందులో ఆమె పేరు రాసిపెట్టమన్నాడు.

గౌరీశ్వరి కొత్త హెడ్‌సెట్ కొనుక్కుంది. నేనిప్పుడు అట్టపెట్టెలో, పాత చార్జర్ల మధ్య, పాతసామాన్లవాడి కేక కోసం ఎదురుచూస్తున్నాను. నాకు బాధేం లేదు. వస్తువును అరిగేదాకా వాడుకోవచ్చు. మనిషిని అలా వాడుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న మంగళవారం మధ్యాహ్నం ఫోను మూడుసార్లు మోగింది. గౌరీశ్వరి చాప మీద నిద్రపోతోంది, లేవలేదు. సాయంత్రం కాఫీ తాగుతూ, వచ్చిన వాయిస్ మెసేజీ పెట్టుకుని వింది.

"గౌరీశ్వరమ్మా, నాను తవిటయ్యని. పనేటీ లేదు. ఎత్తీస్తావేమోనని సూసినాను. ఎత్తనేదు. బాగుంది."