చిలుకమ్మ ఎత్తు బంగారం

జాతర నెలలో వెంకట్రాజం సేటు దుకాణం పొద్దు పొడవగానే తెరుచుకునేది. ముందు కాంటాకు పసుపు కుంకుమ పెట్టి, సమ్మక్క సారలమ్మలకు దండం పెట్టుకున్నాకే బేరం. దూలానికి వేలాడే పెద్ద కాంటా అది. ఒక పళ్లెంలో మొక్కుకున్న మనిషి కూర్చుంటే, రెండో పళ్లెంలో ఆ మనిషి ఎత్తు బెల్లం దిమ్మెలు పేర్చేవాడు సేటు. మేడారంలో అమ్మలకు ఇచ్చే బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు.

కూర్చున్న మనిషి గుండె అలిసిపోయి ఉంటే అవతలి పళ్లెంలో బెల్లం చెమ్మగిల్లేది. వరంగల్ బజారులో అందరికీ తెలిసిన సంగతే. సేటు గుడ్డతో తుడిచి, "జర దవాఖానకు పోయి రా అన్నా," అని పంపేవాడు. బెల్లం ధార కట్టిందంటే మాత్రం ఏమీ అనేవాడు కాదు. అట్లాంటి మనిషి మళ్లీ జాతరకు ఆ పళ్లెంలో కూర్చోవడం ఎవరూ చూడలేదు.

సేటు కూతురు శారదకు ఎనిమిదేళ్లప్పుడు ఆమె తల్లికి ధార కట్టింది. పిల్ల ఆ నీళ్లను ఇత్తడి చెంబులో పట్టి, "నాయినా, ఇవి అమ్మ లోపలి నీళ్లేనా? మరి అన్నీ తోడెయ్యొచ్చు గదా?" అని అడిగింది. తర్వాతి జాతర నాటికి ఆ తల్లి లేదు.

ఆ ప్రశ్నకు జవాబు కోసమే శారద చదివింది. వరంగల్‌లో డాక్టరై, ఢిల్లీలో గుండె చదువు చదివి, డెబ్బై ఏడులో తిరిగొచ్చి దవాఖానలో చేరింది. అలిసిన గుండె నీళ్లను నెట్టలేదు. అవి కాళ్లలో, పొట్టలో, ఊపిరితిత్తుల్లో నిలిచిపోతాయి. అందుకే ఆమె వార్డులో రోజూ పొద్దున్నే అందరికీ బరువు చూడాల్సిందే.

"ఏమ్మా, గుండెల వార్డు పెట్టినవా, బెల్లం దుకాణం పెట్టినవా?" అని పెద్ద డాక్టరు రాజేశ్వర్ రావు నవ్వేవాడు.

"రెండూ ఒకటే సార్," అనేది శారద.

విదేశాల్లో గుండెనే మార్చేస్తున్నారని ఒకసారి తండ్రికి చదివి వినిపించింది. ఆయన, "మార్చుడు మంచిదే బిడ్డా. ఉన్నదాన్ని నిలబెట్టుడు గూడ మంచిదే," అన్నాడు.

ఎనభై ఆరు జాతరకు నాలుగు రోజుల ముందు, ములుగు దగ్గరి పల్లె నుంచి సమ్మమ్మ తన బిడ్డ చిలుకమ్మను తీసుకొచ్చింది. చిలుకమ్మ నెల బాలింత.

"పదేండ్లకు కడుపు పండింది సేటూ. నా బిడ్డ ఎత్తు బంగారం మొక్కిన. చూడు, కాన్పైనంక ఎట్ల ఒళ్లు చేసిందో! అంత నా చేతి వంటే. దిమ్మెలు ఎక్కువనే పడ్తయి."

చిలుకమ్మ కాళ్ల పట్టీలు మాంసంలోకి దిగబడి ఉన్నాయి. సేటు చివరి దిమ్మె పెట్టగానే బెల్లం ధార కట్టింది. సేటు ఈసారి ఊరుకోలేదు, దవాఖానకు మనిషిని పంపాడు.

శారద వచ్చి చిలుకమ్మ కాలి మీద వేలితో నొక్కింది. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది.

"రాత్రి నిద్ర పడ్తాందా చెల్లే?"

"పండుకుంటే దమ్మాడుతలేదక్కా. గోడకు ఆనుకొని కూసుంటాన్న."

"ఇది ఒళ్లు కాదు పెద్దమ్మా, నీళ్లు. కాన్పుతోటి గుండె అలిసింది. ఇప్పుడు మేడారం బస్సు ఎక్కితే అడివి దాటదు. దవాఖానల ఉండాలె."

సమ్మమ్మ మండిపడింది. "మొక్కు తప్పుమంటవా? మీ నాయిన బంగారం అమ్ముతడు, నువ్వు అమ్మల కాడికి పోవద్దంటవు!"

"తప్పుమంటలేను. నీ బిడ్డ ఎత్తు ఇస్తనని మొక్కినవు. నీళ్ల ఎత్తు ఇస్తవా? జాతరైనంక వచ్చే తిరుగువారం దాక టైమున్నది. నీ బిడ్డ అసలు బరువు నేనే తూచి ఇస్త."

సమ్మమ్మ పళ్లెం కింది మడుగును చూసింది. మనుమరాలిని చంకలో సర్దుకొని, "పా మరి," అంది.

సేటు కాంటాను దూలం నుంచి విప్పించి, బెల్లంతో సహా బండి మీద దవాఖానకు పంపాడు. ఆ జాతరంతా చిన్న కాంటాతోనే సరిపెట్టుకున్నాడు. వార్డు వరండాలో రోజూ చిలుకమ్మ పళ్లెంలో కూర్చునేది. సూదులకు ఒంట్లో నీళ్లు దిగిన కొద్దీ అవతల బెల్లం తగ్గించేవారు. నవ్వుదామని వచ్చిన రాజేశ్వర్ రావు నాలుగో రోజు నుంచి తానే వంగి దిమ్మెలు తీయసాగాడు.

మేడారంలో సమ్మక్క గద్దెకెక్కే రోజున చిలుకమ్మకు ఊపిరి అందలేదు. శారద ఆమె మంచం దగ్గరే కూర్చుంది. సూది మందు పెంచింది, ఆక్సిజన్ పెట్టింది, మనసులో అమ్మలను తలుచుకుంది. అటువైపు సమ్మమ్మ కూడా అదే తలుచుకుంటోంది. పొద్దుగూకే వేళకు ఊపిరి కుదుటపడింది.

పదో రోజు పొద్దున కాంటా సరిగ్గా నిలిచింది. తొమ్మిది కిలోలు తగ్గాయి. బెల్లం నుంచి ఒక్క చుక్క రాలేదు. సమ్మమ్మ ఆ దిమ్మెలను మూట కట్టి నెత్తిన పెట్టుకొని తిరుగువారానికి బయలుదేరింది. "గోలీలు ఆపొద్దు, ఇంకో కాన్పు వద్దు," అన్న శారద మాటను దారంతా వల్లె వేసుకుంటూ పోయిందట.

రెండేళ్లకు, మళ్లీ జాతరకు, దుకాణం ముందు వరుసలో చిలుకమ్మ నిలబడింది. కూతురు చిన్న సారలమ్మను ఒళ్లో పెట్టుకొని పళ్లెంలో కూర్చుంది. సేటు చివరి దిమ్మె పెట్టి, పళ్లెం కింద అరచెయ్యి పట్టాడు. ముప్పై నాలుగేళ్ల కింద భార్య కూర్చున్నప్పుడు శారద చెంబు పట్టిన చోటే. చాలాసేపు పట్టి, పొడి అరచేతిని వరుసకంతా చూపించాడు.

"ధార కట్టిన మనిషి మల్ల కూసున్నది. చూడుండ్రి!"

"నీ కాంటా మహిమ సేటూ!" అన్నారెవరో.

"కాంటాకేం తెలుసు, ఏడ్సుడు తప్ప? మా శారద ఆపింది."

కూతురిని పదిమందిలో పేరు పెట్టి పొగడడం ఆయనకు అదే మొదలు. పక్కనే ఉన్న శారద తల వంచుకొని, పళ్లెం కింద తాను ముందే పెట్టిన చిన్ననాటి ఇత్తడి చెంబును తీసింది. కుండలోంచి చల్లటి నీళ్లు ముంచి, చిన్న సారలమ్మకు తాగించింది.