గిన్నెల మధ్య తడిబట్ట

స్టీలు గిన్నెలో ఇంకో గిన్నె పెట్టినా చప్పుడు కాకూడదంటే మధ్యలో తడిబట్ట వేయాలి. గొళ్లేనికి గుడ్డ చుట్టాలి. చీపురు విసిరి ఊడ్వకూడదు, నేలకు ఆనించి లాగాలి. రెండో తరగతితో నా చదువు ఆగిపోయింది గానీ ఈ విద్యలన్నీ నాకు వచ్చు. బొగ్గుబాయిలో రాత్రి షిఫ్టు చేసినవాడు పగలు పడుకుంటాడు. క్వార్టర్లో ఉన్నవి రెండే గదులు. ఇంటి చాకిరీ అంతా వాడి నిద్ర చుట్టూ మునివేళ్ల మీద నడవాలి. నా మాట కూడా అలాగే నడవడం నేర్చుకుంది. ఇప్పుడు మా ఆయన ఆగయ్య రిటైరై పదేళ్లు దాటింది. తడిబట్టలు మాత్రం రిటైరు కాలేదు.

మొన్న నా మనవరాలు సహస్ర నా ఫోన్లో ఒక యాప్ పెట్టింది. మనం మాట్లాడితే అదీ మాట్లాడుతుందట.

"అవ్వా, చదువ రాదని ఫికర్ చెయ్యకు. నోటితోటి ఏదైనా అడుగు, చెప్తది" అంది.

నాకు అడగాల్సింది ఒక్కటే ఉంది. నలభై నాలుగేళ్లుగా దాన్ని అడగడానికి మనిషి దొరకలేదు.

అప్పుడు నాకు ఇరవై రెండు. ఎనిమిదో నెల. పట్టపగలు నొప్పులు మొదలయ్యాయి. ఆయన నిద్రలో ఉన్నాడని నోట్లో కొంగు కుక్కుకున్నాను. చివరికి తాళలేక అరిచాను. ఒకే ఒక్క అరుపు. ఆయన ఉలిక్కిపడి లేచాడు. ఆడపిల్ల పుట్టింది, పొద్దుగూకే దాకా బతికి కన్నుమూసింది. మస్టరు పడకపోతే ఆ రోజు కూలి పోతుందని ఆయన ఆ రాత్రే డ్యూటీకి వెళ్లాడు. బాయిలో కప్పు నుంచి బండ పడి ఎడమ కాలు నుజ్జయింది. దవాఖాన వరండాలో అందరి ముందూ మా అత్త సారలమ్మ నన్ను వేలెత్తి చూపించింది.

"నిద్రలేని మొగోణ్ని బాయిలకు తోలింది. దీని అరుపే నా కొడుకు కాలు మింగింది."

నా బిడ్డ కోసం శోకం పెట్టబోతే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంకా అరుస్తవానే?"

ఆ చెయ్యి ఎప్పుడు తీసిందో నాకు గుర్తు లేదు. తీయలేదనుకుంటాను. తర్వాత ఆయనకు బాయి పైన, లోపలికి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో పని ఇచ్చారు. అక్కడా రాత్రి షిఫ్టులే.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోన్ మూతి దగ్గర పెట్టుకుని అడిగాను. నా అరుపు వల్లనే ఆయన కాలు పోయిందా? తెర మీద గుండ్రటి చుక్క కదలలేదు. "క్షమించండి, మీ మాట వినిపించలేదు" అంది. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ అదే.

సాయంత్రం ఇంటిల్లిపాదీ రిపేరుకు కూర్చున్నారు. సహస్ర మైకుకు పర్మిషన్ ఉందో లేదో చూసింది. ఆఫ్ చేసి ఆన్ చేసింది. యాప్ తీసేసి మళ్లీ వేసింది. భాష తెలుగు పెట్టింది. డ్యూటీ నుంచి వచ్చిన నా కొడుకు కిషన్ ఫోన్ కవరు పీకి, కింద చిల్లులో పిండి ఇరుక్కుందని బ్రష్షుతో రుద్దాడు.

"ఇగ అడుగు అమ్మా."

ఇంతమంది ముందు అసలు ప్రశ్న ఎలా అడుగుతాను? "వాన పడ్తదా?" అన్నాను. చుక్క కదలలేదు. అదే మాట కిషన్ అంటే చుక్క పూరీలా ఉబ్బింది, టకటకా జవాబు చెప్పింది.

"ఫోన్ మంచిగనే ఉన్నది. ఖరాబైంది మా అమ్మ గొంతే" అని కిషన్ నవ్వాడు.

"గుసగుస పెడ్తున్నవే అవ్వా! ఉత్త గాలి అనుకొని అది వదిలేస్తున్నది. జర గట్టిగ మాట్లాడు" అంది సహస్ర.

మంచం మీద నుంచి మా ఆయన అందుకున్నాడు. "ఆ గొంతు నేను చేసిన రిపేరురా. నలభై ఏండ్లు పట్టింది. మల్ల ఇప్పి ఖరాబు చెయ్యకున్రి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చప్పుడు లేకుండా.

మర్నాడు మధ్యాహ్నం కిషన్ డ్యూటీకి, సహస్ర కాలేజీకి వెళ్లారు. అన్నం తిని ఆయన పడుకున్నాడు. నేను ఫోన్ పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాను. కడుపులోంచి గాలి తీసుకుని అడిగాను.

"నేను కాన్పుల అరిస్తె మా ఆయన నిద్ర చెడ్డది. అందుకేనా బాయిల ఆయన కాలు పోయింది?"

అది నా గొంతని నేనే పోల్చుకోలేకపోయాను. చుక్క తెర నిండా ఉబ్బింది.

"నిద్ర తక్కువైతే ప్రమాదాలు జరగవచ్చు. కానీ ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలియదు. విచారణ చేసినవారు ఏమన్నారు?"

ఆయన లేచి కూర్చున్నాడు. "ఏందే ఆ మొత్తుకునుడు? దానికేం ఎరుక? ఎంక్వైరీల ఏమన్నరో నన్నడుగు. జల్ది పని కావాలని కప్పు కింద కట్టె నిలబెట్టకుంటనే లోపటికి వోయిన. తప్పు నాదే అని వేలిముద్ర ఏసిచ్చిన. బాయిల అందరికి ఎరుకే."

"నాకు?"

"నీకు చెప్తె ఏమొస్తది?"

"మీ అమ్మ నన్ను గంతమంది ముందట అన్నప్పుడు ఎందుకు ఊకున్నవ్?"

ఆయన ఆవులించాడు. "అననీ అనుకున్న. దానెన్క నువ్వు నోరు లేపలే. ఇల్లు సప్పుడు లేకుంట అయింది. మంచిగ నిద్రవట్టేది." దిండు సరిచేసుకున్నాడు. "జర తలుపు దగ్గరికేసి పో."

తలుపు బార్లా తెరిచాను. వంటింట్లో గిన్నెల మధ్య ఉన్న తడిబట్టలన్నీ లాగి బయట తీగ మీద ఆరేశాను. తిరిగి వచ్చి ఆయన మంచం పక్కనే నేల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను. ఒక్క పొద్దు బతికి, పేరైనా లేకుండా పోయిన నా బిడ్డ కోసం, లైన్లో చివరి క్వార్టరు దాకా వినబడేలా శోకం ఎత్తుకున్నాను.