తమ్ముడి కార్నియా

ల్యాబులో మైక్రోస్కోపు దగ్గర అక్క వంతు పదిన్నరకి. పదకొండు దాటినా ఆ సీనియర్ మహానుభావుడు కుర్చీ వదిలితేగా! "ఇంకొక్క బొమ్మ, అంతే," అనడం ఇది నాలుగోసారి. అక్కకి ఒళ్లు మండిపోతోంది. చేతిలోని చిన్న సీసాలో ఉన్నది సొంత తమ్ముడి కార్నియా మరి!

కంటి ముందు అద్దంలా ఉండే ఆ పొర వాడికి ఏళ్ల తరబడి పలచబడి, ముందుకి పొడుచుకొచ్చింది. నిన్ననే డాక్టరుగారు దాన్ని తీసేసి దాత ఇచ్చినది వేశారు. "పారేసేదేగా, నీ చదువుకైనా పనికొస్తుంది," అని తమ్ముడే సంతకం పెట్టి ఇప్పించాడు.

కార్నియాలో కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు చాపలా అల్లుకుని ఉంటాయి. లేజరు వెలుగుతో ఆ అల్లికని ఉన్నదున్నట్టు చూపిస్తుంది ఆ మైక్రోస్కోపు. అక్క మూడేళ్లుగా చూసినవన్నీ ఆరోగ్యంగా ఉన్నవే. జబ్బు చేసిన కంట్లో అల్లిక ఎక్కడ సడలిందో చూసే అవకాశం ఇదొక్కటే.

ఎట్టకేలకు కుర్చీ దొరికింది. తీరా చూస్తే బొమ్మ నిండా చారలు! గోడవతల లిఫ్టు కదిలినప్పుడల్లా బల్ల వణుకుతోంది. "వీళ్లకి కాళ్లు లేవా, మెట్లెక్కి చావచ్చుగా!" అని తిట్టుకుంటూ ఆపడం, మళ్లీ మొదలెట్టడం. ఈ గొడవలో కార్నియా అంచులు ఎండుతున్నాయి. దాన్ని నిలవుంచే ద్రావణం రెండు గదులవతల ఫ్రిజ్‌లో ఉంది. చేతికందేది మామూలు సెలైన్. విసుగులో రెండు చుక్కలు వేసేసింది.

ఎంత పని చేసింది! ఉత్త సెలైన్ పడితే కార్నియా నీళ్లు పీల్చి ఉబ్బుతుందని కొత్త పిల్లలకి చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది తనే. అరగంటలో అది తెల్లబారింది. తెరమీద పోగుల మధ్య ఖాళీలు జబ్బు వల్లో, తన నిర్వాకం వల్లో ఇక ఆ బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. "అక్కా, బాగొచ్చిందా నా బొమ్మ?"

"తగలేశానురా. నా చేతులు విరగ్గొట్టాలి." ఏడుపు తన్నుకొచ్చింది.

"ఛ, దానికేనా? రెండో కన్నూ అదే దారిలో ఉందన్నారుగా డాక్టరుగారు. అదీ నీకే ఇస్తాలే," అని నవ్వాడు.

"ఎప్పుడు?" అనేసింది అక్క.

అన్నాక గానీ ఆ మాట ఆమెకే వినబడలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. అటువైపు నవ్వు ఆగిపోయింది.

"కనుక్కుని చెప్తా," అన్నాడు తమ్ముడు.