గేటు బయటి వనభోజనం

అమెరికాలో, ఉత్తర జార్జియా కొండల్లో, ఒక ఎస్టేట్ గేటు దగ్గర, గార్డు ఒక ముసలమ్మని పక్కకి నెట్టాడు. ఆమె చేతిలో పూలున్నాయి. కొండమీద ఆమె భర్త సమాధి ఉంది. "పక్షుల కన్జర్వేషన్ ఏరియా. ఎవరూ పోకూడదు," అన్నాడు. అని, ఆమె వెనకే వచ్చిన తెలుగువాళ్ళ కార్లకి గేటు బార్లా తీశాడు.

మొదటి కారులో ఉన్నది దివాకర్. కమ్మింగ్ ఊళ్ళో ఒక తెలుగు సంఘానికి సెక్రటరీ. కార్తీక వనభోజనాలకి ఎస్టేట్ వాళ్ళని బతిమాలి పర్మిషన్ తెచ్చింది అతనే. వీసా మీద బతికేవాడికి ఏ గడప తొక్కాలన్నా ముందు పర్మిషన్ అడగడం అలవాటైపోతుంది. అడిగితే ఇచ్చారు, వాళ్ళ మంచితనం అనుకున్నాడు. గేటు పక్కన నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డ కొండవాళ్ళని చూశాక గాని తనేం చేశాడో తెలియలేదు.

"మా తాతల నాటి బాట ఇది," అంది ముసలమ్మ, కారు అద్దం దగ్గరకొచ్చి. పేరు హేజల్. "కొత్త ఓనర్ తాళం వేశాడు. కౌంటీ మీటింగులో గొడవ చేస్తే, పబ్లిక్‌ని రానిస్తూనే ఉన్నాం, ఇండియన్లకి పర్మిషన్ ఇచ్చాం కదా అని మిమ్మల్నే చూపించాడు."

అప్పుడే బుల్డోజర్‌తో ఒక లారీ గేటులోంచి పైకి పోయింది. పైన డబ్బున్నవాళ్ళకి కాబిన్లు కడుతున్నారట. అక్కడి పక్షులకి మనుషులంటేనే భయం, బుల్డోజరంటే ముద్దు కాబోలు!

దివాకర్ దిగాడు. అందరూ దిగారు. రోడ్డు మీదే మీటింగైపోయింది.

"మనకెందుకన్నా ఈ లొల్లి? లోపలికి పోదాం పా," అన్నాడు అఖిల్, దివాకర్ టీమ్‌లో కుర్రాడు. "నీ వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌ల ఉంది. కేసైతే హెచ్‌వన్ గోవిందా."

"మన పర్మిషన్ మనం తెచ్చుకున్నాం. వాళ్ళది వాళ్ళు తెచ్చుకోవాలి," అన్నాడు గోపీనాథ్, ఎప్పుడో సిటిజన్ అయిన పెద్దాయన.

"మొగుడి సమాధి మీద పూలు పెట్టడానికి పర్మిషనా? అనడానికి నోరెలా వచ్చిందండీ?" ఆయన భార్య భానుమతి విరుచుకుపడింది. చలికాలమంతా గరాజ్‌లో కాపాడుకునే ఉసిరిమొక్క కుండీని కారులోంచి దింపించి, గేటుకి అడ్డంగా రోడ్డు మధ్యన పెట్టించింది. "ఉసిరి ఎక్కడుంటే వనం అక్కడే. వడ్డించండి!"

దివాకర్ ఉద్యోగం, ఇల్లు, భార్య రష్మి కడుపులో బిడ్డ, అన్నీ ఆ వీసా మీదే నిలబడ్డాయి. ఆమె వంక చూశాడు.

"నాకూ భయంగానే ఉంది," అంది రష్మి. "కానీ నీ కోసమే ఆగిపోయానని రేపు నాతో అనకు."

పులిహోర ట్రేలు దిగాయి. కొండవాళ్ళూ తెలుగువాళ్ళూ ఒకే బంతిలో కూర్చున్నారు. రెండో లారీ వచ్చి హారన్ కొట్టింది. ఎవరూ లేవలేదు.

కౌంటీ పోలీసు, షెరిఫ్ డిప్యూటీ వచ్చాడు. "దివాకర్ ఎవరు? పర్మిషన్ నీ పేర ఉంది. నీవాళ్ళని తీసుకుని లోపలికి పో. వీళ్ళ సంగతి నేను చూసుకుంటా."

ఎంత తేలిక! నాలుగడుగులు వేస్తే చాలు. దివాకర్ చెయ్యి తుడుచుకుని లేచాడు.

"ఆ పర్మిషన్ వెనక్కి తీసుకోండి. వీళ్ళు వెళ్ళిన రోజే మేమూ వెళ్తాం," అని హేజల్ పక్కన కూర్చున్నాడు.

దివాకర్ చేతులకి సంకెళ్ళు పడ్డాయి. రష్మి ఏడ్చింది, అడ్డుపడలేదు. దివాకర్‌ని లేపిన చోట గోపీనాథ్ వచ్చి, తల వంచుకునే, చతికిలబడ్డాడు. హేజల్ రెండు చేతులూ డిప్యూటీ ముందుకి చాచింది. ఆమె వెనక కొండవాళ్ళు చాచారు. అఖిల్ అటూ ఇటూ చూసి తనూ చాచాడు.

భానుమతి గరిటె పట్టుకుని డిప్యూటీకి ఎదురెళ్ళింది.

"ఒక్క కారేనా తెచ్చావు? ఇంతమందికి ఏం సరిపోతుంది? ఇంకొన్ని పిలిపించు. ఈలోగా మేం భోజనాలు కానిస్తాం."